కొండ లెక్కువారికి కరోనా భయ మెంత?

కరోనా యను జాడ్యము 2019వ సంవత్సరాంతమున చీనాదేశమందలి వూహాను నగరమున బయలుదేరినది. 2020 మార్చి 11వ తేదీన ప్రపంచ ఆరోగ్య సంస్థవారు దానిని లోకవ్యాపకమైన మహామారిగా ప్రకటించిరి. ప్రభుత్వపు లెక్కల ప్రకారము చూచినను మన దేశమున ఐదు లక్షలకు పైగా జనము దానిచే గతించిరి. 2023 మే 5వ తేదీన ఆ సంస్థవారే అత్యయిక స్థితి ముగిసినదని చెప్పిరి. ముగిసినది అత్యయిక స్థితియే గాని క్రిమి నశించియుండలేదు. అది రూపములు మార్చుకొనుచు, ఒక్కొక్క యేడు ఒక్కొక్క ఋతువున తల యెత్తుచునే యున్నది. ముసలివారికిని, మధుమేహము, ఉబ్బసము, గుండెజబ్బు గలవారికిని దానివలని భయ మింకను తీరలేదు.

మన సభ్యుల కుటుంబములలో ఏటేట కాలినడకను తిరుమల మెట్లెక్కువారు గలరు. శివరాత్రికి నల్లమల యడవిదారిని శ్రీశైలమునకు నడచువారు గలరు. ఊరి ప్రక్క గుట్టమీది వేలుపునకు మ్రొక్కు చెల్లించుకొన పోవనివారు అరుదు. ఇట్టివారు "కొండదారిని పదిమందితో కలిసి నడచిన జబ్బు సోకునా? చేలో పదిమందితో వరుసగా నిలిచి నాటు వేసిన సోకునా?" యని యడుగుట సహజము. దీనికి రెండు విధములైన సమాధానములు ఊళ్లలో ప్రచారమందున్నవి. ఆరుబయట ఏమియు గాదని కొందఱందురు. గాలిలో నుండు జబ్బునకు ఇల్లేమి, బయలేమి యని కొందఱందురు. ఈ రెండు మాటలును సరియైనవి కావు. ఆ మధ్య నున్న నిజమెట్టిదో, లోకమున జరిగిన కొన్ని సంగతులనుబట్టి ఈ మాసపు పాఠమున వివరింపదలచితిమి.

మొదట ఈ జాడ్యము ఒకరినుండి యొకరికి పోవు తీరు తెలిసికొనవలయును. జబ్బు గలవాడు ఊపిరి విడుచునపుడును, మాటలాడునపుడును, దగ్గునపుడును, పాడునపుడును వాని నోటినుండియు ముక్కునుండియు తుంపరలు వెలువడును. అందు పెద్దవి బరువుచే మూడడుగులు, ఆఱడుగులు పోవునంతలో నేలరాలును. కంటికి గానరానంత సన్ననివి మాత్రము రాలవు. అవి గాలిలో తేలుచుండును. ఈ సన్నని తుంపరల సంగతి మొదటి నెలలలో వైద్యాధికారులు తగినంతగా గణింపలేదు. చేతులు కడుగుకొనుడు, ఆఱడుగుల దూరమున నిలువుడు అని చెప్పుటతో సరిపెట్టిరి. 2020 జులై మాసమున పలు దేశములకు చెందిన 239 మంది శాస్త్రజ్ఞులు ఒక్కటియై, ఈ జాడ్యము గాలిద్వారమునను వ్యాపించుచున్నదని బహిరంగముగ లేఖ వ్రాసిరి. ఆ పిమ్మటనే లోకమునకు కిటికీల విలువ తెలియవచ్చినది. మా యభిప్రాయమున ఈ యాలస్యము మిక్కిలి నష్టము కలిగించినది. ఏలయన, అంతకుముందు జనులు బల్లలను, తలుపులను మందునీటితో తుడుచుచు, మూసిన గదులలో కూర్చుండి తాము క్షేమముగ నున్నామనుకొనిరి.

గాలిలో తేలు తుంపర యెట్లు ప్రవర్తించునో తెలిసికొనుటకు పరికరములతో పనిలేదు. చుట్ట కాల్చువానిని తలచుకొనిన చాలును. తలుపులు మూసిన కొట్టులో ఒక్కడు చుట్ట కాల్చిన, మూలనున్న వానికిని కన్నులు మండును. వాడు లేచిపోయిన అరగంటకును కంపు పోదు. వాడే కళ్లములో కాల్చిన, ప్రక్కన ఆనుకొని కూర్చున్నవానికి తప్ప ఇతరులకు తెలియదు. గాలి యెదురుగా వీచినపుడు మాత్రము రెండుమూడు బారల దూరమున ఒక్క క్షణము సోకి పోవును. కరోనా తుంపరయు ఇంచుమించు అట్టిదే. ఇంటిలో అది పేరుకొనును. బయలులో చెదరిపోవును. జబ్బు సోకుటకు ఒక్క తుంపర చాలదు. కొంత మోతాదు లోపలికి పోవలయును. ఆ మోతాదు మూసిన గదిలో కొలది కాలమునకే చేరవచ్చును. విశాలమైన బయలులో అంత త్వరగా చేరదు.

ఇంక సూర్యుని సాయ మొకటి గలదు. 2020లో అమెరికాదేశపు ప్రయోగశాలయం దొకచోట ఎండతో సమానమైన వెలుతురును ఈ క్రిమిగల తుంపరపై ప్రసరింపజేసి చూచిరి. నూటికి తొంబదిపాళ్లు క్రిములు 20 నిమిషములలోపుననే శక్తి గోల్పోయినవి. వెలుతురు తీవ్రముగ నున్నపుడు ఇంకను త్వరగా శక్తి నశించినది. ఎండ తగులని పాత్రలో చేసిన వేఱొక పరీక్షలో మూడు గంటల పిదపను గాలిలో సజీవమైన క్రిమి కనబడినది. అయితే ఎండను చూచి మోసపోరాదు. ఎదురుగా నిలిచి మాటలాడువాని నోటినుండి మన ముక్కునకు తుంపర చేరుటకు కొన్ని క్షణములు చాలును. అంతలో ఎండ చేయగలది ఏమియు లేదు. ఎండయు గాలియు దూరముననున్నవారిని కాపాడును. మొగము మొగము చేర్చి ముచ్చటించువారికి వాని సాయము స్వల్పము.

ఇట నొక ఉదాహరణము చెప్పుదుము. యాత్రలకు పోవువారందఱును దీనిని గుర్తుంచుకొనదగినది. 2020 జనవరి 19వ తేదీన చీనాలోని జెజియాంగు రాష్ట్రమున కొందఱు బౌద్ధభక్తులు పూజకై యొక దేవాలయమునకు బయలుదేరిరి. రెండు బస్సులు కట్టించుకొనిరి. మొదటి బస్సులో 60 మంది, రెండవ బస్సులో 68 మంది. పోవుటకును వచ్చుటకును కలిపి 100 నిమిషముల ప్రయాణము. రెండవ బస్సులో ఒక యాత్రికురాలికి జాడ్యము సోకియున్న సంగతి ఆనాడు ఎవరికిని తెలియదు. అది శీతకాలము. బస్సు కిటికీలు మూసి, లోపలి గాలినే మరల మరల త్రిప్పు వేడిగాలి యంత్రమును నడపిరి. దేవాలయముకడ పూజ రెండున్నర గంటలసేపు జరిగినది. అక్కడ ఈ రెండు బస్సులవారే గాక ఇంకను 172 మంది యుండిరి. పూజలో చాల భాగము ఆరుబయటనే జరిగినది.

తరువాత లెక్కచూడగా, రెండవ బస్సులోని 68 మందిలో ఆమెతో కలిపి 24 మందికి జబ్బు వచ్చినది. మొదటి బస్సులోని 60 మందిలో ఒక్కరికిని రాలేదు. పూజకు వచ్చిన తక్కిన 172 మందిలో 7 గురికి వచ్చినది. బస్సులో గడపిన కాలము పూజలో గడపిన కాలముకంటె తక్కువయే. అయినను బస్సులో మూడవవంతు మందికి సోకినది, పూజాస్థలమున నూటికి నలుగురికే సోకినది. మఱియొక విశేషము. బస్సులో ఆమెకు దూరముగ వెనుక కూర్చున్నవారికిని జబ్బు తగిలినది, కాని డ్రైవరునకును, ద్వారమునకు దగ్గఱగా కూర్చున్నవారికిని తగులలేదు. తెఱచుటకు వీలైన కిటికీల ప్రక్కన కూర్చున్నవారిలో ఒక్కరికే తగిలినది. భక్తులు ఇంటికి పోయి "గుడిలో అంటుకొన్నది" అనుకొనియుందురు. నిజమునకు గుడికి పోవు దారిలో అంటుకొన్నది.

ఇట్టి లెక్కలను చీనాలోనే కొందఱు పండితులు పెద్దయెత్తున సేకరించిరి. 2020 జనవరి 4 మొదలు ఫిబ్రవరి 11 వఱకు హ్యూబే రాష్ట్రము గాక తక్కిన దేశమున 7,324 మంది రోగుల వృత్తాంతములను పరిశీలించిరి. ముగ్గురికో అంతకు మించియో ఒక్కచోట సోకిన సందర్భములు 318 తేలినవి. అవి యన్నియు పైకప్పు క్రింద జరిగినవే. అందు ఎక్కువ భాగము ఇండ్లలోను, తరువాతి భాగము ప్రయాణపు బండ్లలోను జరిగినది. ఆరుబయట సోకినదని రూఢిగా తెలిసినది ఒక్కటే. హెనాను రాష్ట్రమందలి యొక పల్లెలో ఒక యువకుడు, వూహాను నుండి వచ్చిన మఱియొకనితో బయట నిలిచి మాటలాడగా సోకినది. ఇద్దఱు పల్లెవాసులు ఎదురెదురుగ నిలిచి ముచ్చటించుకొన్నంత మాత్రముననే సోకినదన్నమాట! ఏడువేలలో ఒకటియే యైనను ఆ యొకటి మన ఊరి రచ్చబండను జ్ఞప్తికి తెచ్చునట్టిది.

ఈ లెక్కను ఉన్నదున్నట్లు నమ్మి, బయట భయమే లేదనుట తొందరపాటగును. ఏలయన, ఇంటిలో సోకినవాడు ఎవరివలన సోకినదో చెప్పగలడు. తిరునాళ్లలో ప్రక్కన నడచిన అపరిచితునివలన సోకినవాడు ఏమి చెప్పగలడు? కావున బయటి సంగతులు లెక్కలో తక్కువగా పడును. పైగా అది చలికాలము, ఊళ్లకూళ్లు నిర్బంధములో నున్న కాలము. బయట తిరిగినవారే తక్కువ. ఇతర దేశముల లెక్కలను గూడ చూడవలయును. ఐర్లండులో 2021 మార్చి 24 నాటికి 2,32,164 మంది రోగులుండగా, అందు ఆరుబయట సోకినట్లు వ్రాసికొన్నవి 262 మాత్రమే, అనగా వేయింటికి ఇంచుమించు ఒకటి. అవియు దాదాపు అన్నియు కట్టడపు పనులకును, ఆటలకును సంబంధించినవి. అట్టిచోట్ల పనివారు ఒక్క కొట్టులో భోజనము చేయుటయు, ఆటగాండ్రు ఒక్క గదిలో బట్టలు మార్చుకొనుటయు గలదు గదా. పలు దేశముల పరిశీలనలను కలిపి చూచిన యొక వైద్యవ్యాసమున ఆరుబయట సోకినవి నూటికి పదికంటె తక్కువ యనియు, ఇంటిలోపల సోకు అవకాశము బయటికంటె ఇంచుమించు 18, 19 రెట్లనియు తేల్చిరి. వేయింటికి ఒకటియా, నూటికి కొన్నియా యను తగవు పండితులకు వదలుదము. బయట భయము మిక్కిలి తక్కువ, కాని సున్న గాదు అనుటలో వారందఱు నేకాభిప్రాయులు.

ఇక కొండల సంగతికి వత్తము. ఇంగ్లండు, వేల్సు, స్కాట్లండు దేశములలో సెలవునాళ్ల కొండలెక్కుట పెద్ద వాడుక. అక్కడ మ్రొక్కు లేదు, గుడి లేదు. గాలికొఱకును, చూడముచ్చటకొఱకును ఎక్కుదురు. 2020 మార్చి 21, 22 తేదీలలో, జాడ్యము ప్రబలుచుండగా, వేల్సులోని స్నోడను కొండకు జనము విరగబడినది. ఆ వనసంరక్షణ సంస్థవారు తమ యెఱుకలో ఇంతటి సందడి ఎన్నడును లేదనిరి. మరునాడే దేశమంతట ఇల్లు కదలరాదను ఆజ్ఞ వెలువడినది. కొలదినాళ్లలోనే డెర్బీషైరు పోలీసులు ఎగురు యంత్రమునకు కెమెరా తగిలించి, కొండమీద కుక్కను వెంటగొని ఒంటరిగ నడచువారి బొమ్మలు తీసి లోకమునకు చూపిరి. దీనిపై ఆ దేశమున పెద్ద వివాదము చెలరేగినది.

ఈ వివాదమున ఇరుపక్షములందును కొంత న్యాయము గలదని మాకు తోచుచున్నది. నిర్జనమైన కొండమీద ఒంటరిగ నడచువానివలన ఎవరికిని ముప్పులేదు. వానిని వేటాడుట వ్యర్థమైన పని. కాని కొండకు చేరుటకు పట్టణములనుండి బండ్లలో రావలయును. కొండక్రింద ఇరుకైన చోట బండ్లు నిలిపి గుమిగూడవలయును. దారిలో అంగళ్లకడ ఆగవలయును. కాలు విఱిగిన, స్వచ్ఛందముగ పనిచేయు రక్షకదళమువారు పదిమంది వచ్చి మోసికొని పోవలయును. ఆ మోతలో దూరము పాటించుటకు వీలుండదు. చిన్న యూళ్ల వైద్యశాలలకు అసలే రోగుల తాకిడి. కావున ఆనాటి నిషేధమునకు కారణము కొండ గాలి గాదు. కొండకు ముందును వెనుకను ఉన్నదంతయు కారణము. ఇంగ్లండులో 2020 మే 13 నుండి బయటి నడకలకు ఎంతదూరమైన పోవచ్చునని అనుజ్ఞ నిచ్చిరి. 2021 ఫిబ్రవరిలో ఎడింబరో విశ్వవిద్యాలయపు ఆచార్యుడు మార్కు వూల్‌హౌసు, సముద్రతీరమున జనము గుమిగూడుటవలన జాడ్యము ప్రబలినట్లు ఎచ్చటను దాఖలా లేదని పార్లమెంటు సంఘము నెదుట చెప్పినాడు. అంతకు ముందటి వేసవిలో తీరములందలి గుంపులను చూచి పత్రికలన్నియు గగ్గోలు పెట్టియుండెను.

ఇందులకు సరిగా ఎదురైన సంగతి ఆస్ట్రియాలోని ఇష్గులు అను కొండయూరిలో జరిగినది. మంచుమీద జారు క్రీడకు యూరపు దేశములన్నింటినుండి జనము అక్కడకు వత్తురు. 2020 ఫిబ్రవరి, మార్చి నెలలలో అక్కడికి పోయి వచ్చినవారు ఐస్లండు మొదలు పలు దేశములకు జాడ్యమును మోసికొనిపోయిరి. మార్చి 13న ఆ లోయనంతయు ప్రభుత్వమువారు మూసివైచిరి. ఆ యేప్రిలునెలలో ఊరివారి నెత్తురు పరీక్షింపగా నూటికి నలుబదిమందికి పైగా జబ్బు సోకిన జాడ కనబడినది. ఇంత జబ్బు పగటిపూట మంచుకొండల వాలుమీద వ్యాపించినదని ఎవరును అనుకొనరు. సాయంకాలము క్రీడ ముగిసిన పిదప, చలికి తలుపులు మూసిన పానశాలలలో, భుజము భుజము రాచుకొని త్రాగుచు, బిగ్గఱగ పాడుచు గడపిన గంటలలో వ్యాపించినది. కొండ యదే, జనము వారే, గాలి మాత్రము వేఱు.

కొండలెక్కుటలో మఱియొక విషయము గమనింపవలయును. ఊరక కూర్చున్నవాడు నిమిషమునకు ఆఱు మొదలు ఎనిమిది లీటర్ల గాలి పీల్చి విడుచును. నిట్టమెట్లు ఎక్కునపుడు అది అంతకు ఎన్నో రెట్లగును. జర్మనీ పండితులు 2022లో కొలిచి చూచినపుడు, ఒంటి సత్తువంతయు పెట్టి శ్రమించువాని నోటినుండి వెలువడు సన్నని తుంపరలు, విశ్రాంతిగ నున్నపుడు వెలువడువానికంటె నూఱింతలకు మించినవని తేలినది. కప్పు క్రింద ఇట్టి రొప్పు ఎంతపని చేయునో దక్షిణ కొరియాలోని చెయొనాను నగరమున తెలిసినది. 2020 ఫిబ్రవరిలో అక్కడి వ్యాయామశాలలలో పాటకు తగినట్లు గంతులు వేయించు తరగతులవలన 112 మందికి జబ్బు పాకినది. ఆ చోట్లనే మెల్లగ ఊపిరి పట్టు యోగాభ్యాసము వంటి తరగతులలో పాకలేదు. కావున కొండదారిని సయితము, రొప్పుచున్నవాని వీపున వీపుగా ఎక్కుట మంచిది గాదు. నాలుగైదు మెట్లు ఎడముంచుట మేలు. ఆయాసము తీర్చుకొనుటకు ఆగునపుడు, అందఱును గుమిగూడిన మండపములో గాక, గాలి తగులు మలుపున ఆగుట మేలు.

తిరుమలకు నడచువారి సంగతి చూతము. అలిపిరి దారిని మెట్లు ఇంచుమించు 3,550. ఎక్కుటకు మూడు నాలుగు గంటలు పట్టును. దారిలో కొంతభాగము పైకప్పు వేసినదే యైనను ప్రక్కలు తెఱచియున్నవి, చెట్లగాలి వీచుచుండును. ఈ మూడు నాలుగు గంటలలో జాడ్యము సోకు భయము స్వల్పము. ఆ యాత్రలో తక్కిన భాగములను లెక్కించుకొనుడు: ఊరినుండి తిరుపతికి రాత్రంతయు అద్దములు మూసిన చల్లనిబస్సులో ప్రయాణము, సత్రములో ఒక్కగదిలో ఎనమండుగురు పడుకొనుట, దర్శనమునకు ముందు గదులలో గంటలకొలది కూర్చుండుట, మరల బస్సు. 2020లో దేవస్థానమువారు మార్చి 20 నుండి జూన్ మొదటివారము వఱకు భక్తుల దర్శనము నిలిపిరి. మరల తెఱచినపుడు మొదట మిక్కిలి కొలదిమందినే అనుమతించిరి. వారికి భయము మెట్లమీదిది గాదు, గుంపుమీదిది. నల్లమలలో నడచు శివభక్తులకును అంతే. అడవిదారి క్షేమము. విడిదిలో కప్పు క్రింద కిక్కిరిసి పడుకొనుటయందు జాగ్రత్త కావలయును. వాన లేనిచో చెట్టుక్రిందనే పడుకలు వేసికొనుట ఈ జబ్బు విషయమున మేలు, పాములకును తేళ్లకును తగిన జాగ్రత్త చేసికొందురుగాక.

ఇదే కన్నుతో మన సేద్యపు పనులను చూడుడు. 2020 మార్చి 25న దేశమంతయు మూతపడినప్పటికిని, రెండుదినములకే, అనగా 27వ తేదీన, కేంద్రప్రభుత్వమువారు వ్యవసాయపు పనులను ఆ నిషేధమునుండి మినహాయించిరి. కోతకు వచ్చిన పంట నిలువదు గనుక అట్లు చేసిరి. ఆరోగ్యదృష్టితో చూచినను అది సరియైన పనియే. నాటుమడిలో బారెడు ఎడముగ వంగి నాటు వేయు కూలీలకు జాడ్యభయము మిక్కిలి తక్కువ. భయమున్నది వేఱుచోట. నలుగురు పట్టు ఆటోలో పదునైదుమంది ఎక్కి, తొడలపై తొడలు వేసికొని, చలిగాలికి పరదాలు దింపుకొని చేనికి పోవుటయం దున్నది. మిరపకోతకు దూరదేశములనుండి వచ్చిన కూలీలు నెలల తరబడి ఒక్క రేకులకొట్టులో పడుకొనుటయం దున్నది. మధ్యాహ్నము సద్ది విప్పునపుడు అందఱును చుట్టును కూర్చుండి ముచ్చటించుకొనుటయందును కొంత గలదు. కూలీలకు పడుక చూపు రైతు ఒక్క కొట్టునకు బదులు రెండుచోట్ల చూపగలిగినను, కొట్టు గోడకు పైన జానెడు సందు విడిచినను, దానివలన కలుగు మేలు చేతికి పూయు మందునీటివలన కలుగదు.

సంతలు, మార్కెట్లు ఈ రెంటికి నడుమ నుండునవి. చెన్నపట్నపు కోయంబేడు కూరగాయల మార్కెటు కథ మన నెల్లూరు, చిత్తూరు రైతులు మఱవలేదు. 2020 ఏప్రిలు నెలాఖరున అక్కడ జాడ్యము బయటపడి, మే 5న మార్కెటు మూసివైచునాటికే సరకు తోలిన లారీవారివలనను, హమాలీలవలనను తమిళనాటి జిల్లాలకును, సరిహద్దు దాటి మన జిల్లాలకును పాకినది. పేరునకు అది ఇల్లు గాదు. అయినను వేలకొలది అంగళ్ల నడుమ, కప్పుల క్రింద, ఇరుకు సందులలో, మొగము మొగము చేర్చి కేకలు వేసి బేరమాడుచోటు బయలనిపించుకొనదు. గోడ లేకపోయినంతమాత్రమున బయలు గాదు. గాలి పాఱినది బయలు. ఆ వేసవిలోనే తెలంగాణమున ధాన్యపు కొనుగోలును మార్కెటు యార్డులకు పరిమితము చేయక, ఊళ్లలోనే కేంద్రములు తెఱచి జరిపించిరి. అందు మనవంటి ప్రాథమిక సహకార సంఘములవారును పనిచేసిరి. కాటాను కళ్లముకడకు తెచ్చుటచే గుంపు విడిపోయినది. రైతునకు బండి కిరాయియు కలిసివచ్చినది. జబ్బు లేని యేడును ఆ పద్ధతిని విడువకుండుట లాభమని మా యూహ.

ఇంక చేయవలసిన జాగ్రత్తలు విస్తరించి చెప్పనక్కఱలేదు. జ్వరము, గొంతునొప్పి, దగ్గు ఉన్నవాడు యాత్రను గాని కూలిని గాని వాయిదా వేసికొనవలయును. మూసిన బండిలోను గుంపు గదిలోను మాస్కు కట్టుకొనవలయును. ఎవరును లేని కొండమలుపున దానిని కట్టుకొని ఆయాసపడుట అనవసరము. మన దేశమున 2021 జనవరి 16 నుండి టీకాలు వేసిరి. టీకా వేయించుకొన్నవారికి జబ్బు సోకదని కాదు, సోకినను ప్రాణముమీదికి వచ్చుట అరుదగును. అఱువదేండ్లు పైబడినవారు మరల వేయించుకొనవలయునా యను సంగతి ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు వైద్యుని అడిగి తెలిసికొనవలయును. జబ్బుపడి లేచినవారు కొన్ని వారములపాటు నిట్టమెట్లు ఎక్కకుండుట మంచిది. ఎక్కునపుడు రొమ్ముబరువుగాని, గుండెదడగాని, కన్ను చీకటి క్రమ్ముటగాని కలిగినచో మ్రొక్కును తలపక దిగిరావలయును. వేసవియందు కొండమీద వడదెబ్బ భయము కరోనా భయముకంటె ఎన్నోరెట్లు పెద్దది. ఎండ పొడుచునప్పటికి సగము దారి దాటునట్లు వేకువనే బయలుదేరి, నీరు వెంట నుంచుకొనుడు.

మన సంఘపు సర్వసభ్యసమావేశము లెక్కడ జరుపవలయునను ప్రశ్న కూడ ఇందే చేరును. జాడ్యము తిరుగు దినములలో ఎరువుల గోదాములో బల్లలు వేయుటకంటె, ముంగిటి వేపచెట్టు క్రింద చాపలు పఱచుట మేలు. వానకో ఎండకో జడిసి గదిలో కూర్చుండక తప్పనిచో, ముందుగ నొక పరీక్ష చేసికొనవచ్చును. సమావేశమునకు తెఱచియుంచు తలుపులు కిటికీలు అట్లే తెఱచియుంచి, గది నడుమ ఒక ఊదువత్తి వెలిగించి ఆర్పి, వాసన పోవుటకు ఎంతసేపు పట్టునో చూడుడు. కొలది నిమిషములలో పోయినచో గాలి పాఱుచున్నదన్నమాట. అరగంటకును నిలిచియున్నచో ఎదురెదురు కిటికీలు మఱికొన్ని తెఱపించి, మరల వెలిగించి చూడుడు.